సోనీ ఎండీఆర్-7506: ఖర్చు యాంప్ మీద కాదు, ఇయర్ ప్యాడ్ మీద పెట్టండి

1991లో మార్కెట్లోకి వచ్చిన ఈ హెడ్‌ఫోన్ రికార్డింగ్ స్టూడియోల్లో, రేడియో స్టేషన్లలో ఇప్పటికీ పనిచేస్తూ కనిపిస్తుంది. స్ప్రింగులా చుట్టలు తిరిగిన కేబుల్, కప్పుల మీద నీలం పట్టీ, మడిచి పెట్టుకోవడానికి సంచి. బ్లూటూత్ లేదు, మైకు లేదు, నాయిస్ క్యాన్సిలేషన్ లేదు. ఇంట్లో పాటలు వినడానికి దీన్ని కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "దీనికి ఏ డాక్ కావాలి, ఏ యాంప్ కావాలి?" అని. డాక్ అంటే డిజిటల్ ఫైలును శబ్ద సంకేతంగా మార్చేది, యాంప్ అంటే ఆ సంకేతం శక్తి పెంచేది. దీని సౌండ్ మారేది అక్కడ కాదు. డ్రైవరుకీ (కప్పులో శబ్దం పుట్టించే చిన్న స్పీకరు) చెవికీ మధ్య ఉన్న ఆ అంగుళం జాగాలోనే.

యాంప్ సంగతి లెక్కతోనే తేలిపోతుంది. దీని ఇంపీడెన్స్ (విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డు) 63 ఓంలు, సెన్సిటివిటీ (ఇచ్చిన శక్తికి వచ్చే శబ్దం) ఒక మిల్లీవాట్‌కు 106 డెసిబెల్స్. ఫోన్‌కు తగిలించే టైప్-సి డాంగిల్ (డాక్, యాంప్ రెండూ ఇమిడిన చిన్న అడాప్టర్) 1 వోల్ట్ ఇచ్చిందంటే హెడ్‌ఫోన్‌కు దాదాపు 16 మిల్లీవాట్లు అందుతాయి, అంటే 118 డెసిబెల్స్. అర వోల్ట్ ఇచ్చే డాంగిల్ అయినా 112 దాకా పోతుంది. వారానికి 40 గంటలు వినే పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. ఇంకా శక్తి పెంచి చేసుకునేదేమీ లేదు, చెవులు పాడుచేసుకోవడం తప్ప. చూసుకోవాల్సింది డాంగిల్ లేదా యాంప్ వైపు ఉండే అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఒక్కటే. హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతు, అంటే ఇక్కడ 8 ఓంల లోపు ఉంటే చాలు. మంచి డాంగిళ్లలో అది చాలా తక్కువే. కొన్ని పాత స్టీరియో యాంప్లిఫైయర్ల హెడ్‌ఫోన్ సాకెట్లలో 100 ఓంలు దాటుతుంది కాబట్టి అక్కడ వింటే శబ్ద స్వరూపం కాస్త మారవచ్చు.

ఇక అసలు విషయం, సీల్. ఇది క్లోజ్డ్ బ్యాక్, అంటే కప్పుల వెనుక మూసి ఉన్న హెడ్‌ఫోన్. డ్రైవరుకీ చెవికీ మధ్య గాలి బంధించి ఉంటేనే బేస్ పుడుతుంది. ప్యాడ్ అంచున ఎక్కడైనా సందు ఉంటే తక్కువ ఫ్రీక్వెన్సీలు అందులోంచి బయటికి పోతాయి, ట్రెబుల్ మాత్రం అలాగే నిలుస్తుంది. "బేస్ లేదు, గొంతు గుచ్చుకుంటోంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. కళ్లజోడు కాడలు, చెవి మీదికి వచ్చిన జుట్టు, పెద్ద జూకాలు, ఏదైనా సరే సీల్‌ను విడగొడుతుంది. పరీక్ష చాలా సులువు. 50 హెర్ట్జ్ టోన్ తక్కువ వాల్యూములో పెట్టి, రెండు కప్పులనూ అరచేతులతో మెల్లగా నొక్కండి. నొక్కగానే శబ్దం బాగా పెరిగితే సీల్ సరిగా లేదన్నమాట. జుట్టు వెనక్కి తీసి, హెడ్‌బ్యాండ్ ఒక మెట్టు అటూ ఇటూ జరిపి మళ్లీ చూడండి. లావు కాడల కళ్లజోడు వాడేవాళ్లు కాడను ప్యాడ్ పైఅంచు దగ్గరికి ఎత్తి పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

ప్యాడ్లు ఈ మోడల్‌కున్న పెద్ద బలహీనత. పైన ఉండేది పల్చటి కృత్రిమ తోలు. మన ఉక్కపోతకు, చెమటకు అది పొరలు పొరలుగా రాలి నల్లటి పొట్టు చెవులకు అంటుకుంటుంది. లోపలి స్పాంజి అణిగిపోయే కొద్దీ చెవి డ్రైవరుకు దగ్గరవుతుంది, సీల్ కూడా వదులవుతుంది. ఇదంతా నెలల తరబడి నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి వినేవాళ్లకు తెలియదు, హెడ్‌ఫోన్ పాతబడిందనుకుని కొత్తది కొంటారు. మార్చడం పది నిమిషాల పని. పాత ప్యాడ్ అంచు కింద వేలు పెట్టి లాగితే ఊడి వస్తుంది. కొత్తదాని వెనుక ఉన్న సన్నటి పెదవిలాంటి అంచును కప్పు చుట్టూ ఉన్న గాడిలోకి ఒకవైపు దూర్చి, మెల్లగా చుట్టూ సాగదీస్తూ ఎక్కించాలి. గోళ్లతో గుంజితే చిరుగుతుంది. డ్రైవరు మీద ఉన్న పల్చటి స్పాంజి బిళ్లను తీసి పారేయకండి. అది లేకపోతే ట్రెబుల్ ఇంకా పెరుగుతుంది.

హాయిగా ఉంటాయని లావుపాటి ప్యాడ్లు, వెలూర్ (మఖమల్‌లాంటి గుడ్డ) ప్యాడ్లు వేసేవాళ్లున్నారు. చెవికి సుఖమే, కాదనలేం. కానీ వెలూర్ గాలిని వదిలేస్తుంది, బేస్ తగ్గుతుంది. లావు ప్యాడ్ డ్రైవరును దూరం జరుపుతుంది, గొంతుల రంగు మారుతుంది. అప్పుడు మీరు వింటున్నది 7506 కాదు, వేరే హెడ్‌ఫోన్.

దీని సహజ స్వభావం చెప్పాలంటే గొంతు ముందుకు వస్తుంది, 9-10 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ట్రెబుల్ ఎక్కువ. 'స', 'శ' అక్షరాలు కోసినట్టు వినిపిస్తాయి. రికార్డింగులో తప్పులు పట్టుకోవడానికి ఇదే పనికొస్తుంది, గంటల తరబడి వినడానికి ఇదే విసిగిస్తుంది. ఈక్వలైజర్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినిపించాలో సరిచేసే యాప్) అక్కడ 3-4 డెసిబెల్స్ తగ్గిస్తే చాలు. విండోస్ కంప్యూటర్లో ఈక్వలైజర్ ఏపీఓ, ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ ఉచితంగా దొరుకుతాయి. ఎక్కడైనా 4 డెసిబెల్స్ పెంచితే ప్రీయాంప్‌ను (ఆ యాప్‌లో మొత్తం శబ్దం స్థాయిని) అంతే తగ్గించడం మరవకండి, లేదంటే పెద్ద శబ్దాల దగ్గర పగులుతుంది. ఫోన్ కంపెనీ పెట్టిన సౌండ్ ఎఫెక్టులన్నీ ముందే ఆపేయండి.

పాటలో గొంతు మాయమై వాద్యాలే వినిపిస్తుంటే ఫైలును తిట్టకండి. జాక్ పూర్తిగా దిగలేదు. గ్రౌండ్ తగలనప్పుడు రెండు చానెళ్లలో సమానంగా ఉన్నది రద్దయిపోతుంది, గొంతు సాధారణంగా నట్టనడుమనే ఉంటుంది కదా. పెద్ద అడాప్టర్ బిగించడానికి దీని ప్లగ్‌కు మరలు ఉంటాయి, అందుకే ప్లగ్ కాస్త లావు. మందపాటి ఫోన్ కవరుకున్న సన్నటి రంధ్రంలో అది ఇరుక్కుంటుంది. కవరు తీసి చూడండి. జాక్ సరిగా దిగినా అలాగే ఉంటే ప్లగ్ దగ్గర తీగ తెగి ఉంటుంది. ఊడదీసి మార్చుకునే కేబుల్ కాదు కాబట్టి సోల్డరింగే మార్గం.

ఫైలు విషయానికొస్తే, 320 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఎంపీ3కీ, ఏదీ పోకుండా దాచే లాస్‌లెస్‌కీ తేడా పట్టుకోవడం చాలామందికి కష్టం. కానీ క్యాసెట్ నుంచి తీసిన 64 కేబీపీఎస్ పాత పాటను ఫ్లాక్ అనే లాస్‌లెస్ ఫార్మాట్‌లోకి మార్చినా పోయింది తిరిగి రాదు. ఆ పాటకు వెతకాల్సింది మంచి మాస్టర్ (అసలు రికార్డింగు ప్రతి) నుంచి తీసిన విడుదల. రెండు డాంగిళ్లనో రెండు ఫైళ్లనో పోల్చేటప్పుడు వాల్యూములు సమానం చేయండి. 1 డెసిబెల్ పెద్దగా ఉన్నదే "బాగుంది" అనిపిస్తుంది. డాంగిళ్లయితే 100 హెర్ట్జ్ టోన్ పెట్టి మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజ్ చూసి సరిచేయొచ్చు.

నకిలీలు చాలా ఉన్నాయి, అధీకృత డీలర్ దగ్గరే కొనండి. పెట్టె విప్పిన రోజే 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా సాగే టోన్ విని చూడండి. ఒక కప్పులో కరకరమంటే చాలాసార్లు డయాఫ్రం (డ్రైవరులో కంపించే పొర) మీద పడిన వెంట్రుకే కారణం. కొత్తదైతే కప్పు విప్పకుండా వాపసు ఇచ్చేయండి.