పది పన్నెండు లక్షలకు ఏది మేలు: పాత బెంజా, కొత్త చిన్న ఎస్‌యూవీనా, ఇన్నోవానా?

బెంగళూరు సెకండ్ హ్యాండ్ కార్ల ప్రకటనలు చూసి మన అనంతపురంలో చాలామందికి ఒక ఆశ పుడుతోంది. 2013, 2014 మోడల్ బెంజ్ ఈ-క్లాస్ గానీ, బీఎండబ్ల్యూ 520డీ గానీ పది పన్నెండు లక్షలకు దొరుకుతోంది. కొత్తలో 40 లక్షలు దాటిన బండ్లు ఇవి. అదే డబ్బుకు షోరూం నుంచి కొత్త చిన్న ఎస్‌యూవీ వస్తుంది, లేదా కాస్త తిరిగిన ఇన్నోవా వస్తుంది. రోజూ వాడుకోవడానికి ఏది కొనాలంటే నా మాట ముందే చెప్పేస్తాను: ఇంట్లో ఉండేది ఒకే కారయితే పాత జర్మన్ కారు జోలికి పోవద్దు.

అలాగని ఆ బండి గొప్పతనాన్ని తక్కువ చేయలేను. 520డీలో 184 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. నాలుగు లేన్ల హైవేల మీద కార్లకు గంటకు 100 కి.మీ. గరిష్ఠ వేగమని కేంద్రం 2018లో నిర్ణయించింది. ఆ వందలో పోతున్నా ఇంజిన్ రెండు వేల ఆర్‌పీఎం కూడా తిరగదు, లోపల గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు. మా బావ దగ్గర ఆ కారుంది. నడుము నొప్పితో బాధపడే మా అమ్మను అందులో బెంగళూరు ఆసుపత్రికి తీసుకెళ్లి తెచ్చాం. దిగగానే "అలుపే తెలీలేదురా" అంది. అదే దారిలో చిన్న కారులో వెళ్తే ఇంటికొచ్చి వేడినీళ్ల కాపడం పెట్టుకోవాల్సిందే. 44వ నంబరు హైవే మీద బెంగళూరుకో హైదరాబాదుకో తరచూ తిరిగేవాళ్లకు ఈ సుఖం విలువైనదే.

చిక్కంతా బండి ఆగినప్పుడు మొదలవుతుంది. కారు రేటు ఏటేటా పడిపోతుంది గానీ పార్టు రేటు పడదు. మీరు పది లక్షలకు కొన్నా, దానికి వేసే షాక్ అబ్జార్బరూ హెడ్‌లైటూ 40 లక్షల కారువే. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి బుడ్డీలు) ఉన్న మోడల్ అయితే గాలి బుడ్డి లీకై, కంప్రెసర్ కూడా పోతే బిల్లు లక్షల్లోకి వెళ్తుంది.

మన ఎండ ఇందుకు తోడు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊళ్లో బానెట్ కింద ప్లాస్టిక్ ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతోందని బావ కారు బానెట్ ఎత్తించాం. మెకానిక్ పైపు క్లిప్పు వదులు చేసి, పైపును చాలా మెల్లగా, రెండు వేళ్లతో తిప్పాడు. ఆ పైపు తగిలించే థర్మోస్టాట్ హౌసింగ్ మెడ అప్పడంలా పుటుక్కున విరిగి చేతికొచ్చింది. లోపలి అంచు చూస్తే నలుపు పోయి గోధుమరంగుకు తిరిగింది, గోరుతో గీరితే పొడి రాలింది. "సార్, నేను గట్టిగా కూడా పట్టుకోలేదు" అని అతను కంగారుపడ్డాడు. అతని తప్పేం లేదు, అన్నేళ్లు వేడిలో ఉడికిన ప్లాస్టిక్ అలాగే ఉంటుంది. ఆ పార్టు మా ఊళ్లో లేదు. బెంగళూరు నుంచి పార్సిల్‌లో వచ్చేదాకా బండి షెడ్డులోనే ఉంది, బావ రోజూ ఆటోలో తిరిగాడు.

కూలెంట్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. మన జిల్లా బోరు నీళ్లు ఎంత గట్టివో బకెట్ అడుగున పట్టే తెల్ల పొర చూస్తే తెలుస్తుంది. దారిలో నీళ్లు తగ్గాయని ఆ నీళ్లే పోసేస్తారు. అదే పొర రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడుతుంది. పాత అంబాసిడర్ తట్టుకుందేమో గానీ, అల్యూమినియం ఇంజిన్ తట్టుకోదు. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడూ డిక్కీలో ఉండాల్సిందే.

ఇంకో పెద్ద ఖర్చు టైమింగ్ చైన్, అంటే ఇంజిన్ వాల్వులు సమయానికి తెరుచుకునేలా తిప్పే గొలుసు. ఆ కాలపు 520డీల్లో వచ్చిన ఎన్47 ఇంజిన్‌కు చైన్ వెనక వైపు, గేర్‌బాక్సు పక్కన ఉంటుంది. అది అరిగి శబ్దం మొదలైతే మార్చడానికి ఇంజినో గేర్‌బాక్సో దింపక తప్పదు. చైన్ తెగితే ఇంజిన్ మీద ఆశ వదులుకోవచ్చు. గేర్ ఆయిల్ సంగతీ అంతే. జీవితాంతం మార్చక్కర్లేదని బీఎండబ్ల్యూ చెప్పింది, కానీ ఆ గేర్‌బాక్సు తయారుచేసిన జెడ్ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1,20,000 కి.మీ. లోపు మార్చమంటుంది. నేను జెడ్ఎఫ్ మాటే వింటాను. బీఎండబ్ల్యూల్లో చాలావాటికి స్టెప్నీ కూడా ఉండదు, రన్‌ఫ్లాట్ టైర్లే. పంక్చరైనా 80 వేగంతో ఓ 80 కి.మీ. పోవచ్చు. గుత్తి దగ్గర రాత్రి టైరు పక్కన చీలితే మాత్రం ఆ సైజు టైరు ఎక్కడ దొరుకుతుంది?

ఊళ్లో వాడకం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సప్తగిరి సర్కిల్ రద్దీలో దాదాపు ఐదు మీటర్ల కారు తిప్పడం, కింద తగలకుండా స్పీడ్ బ్రేకర్ దాటించడం రోజూ టెన్షనే.

ఇక కొత్త చిన్న ఎస్‌యూవీ. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో సెల్టోస్ బయటికొచ్చినప్పటి నుంచి ఈ రకం బండ్లు మనకు ఇంటి సరుకైపోయాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. ఆరు ఎయిర్‌బ్యాగులు ఇప్పుడు చాలావాటిలో ఉన్నాయి, వారంటీ ఉంది, లోను తేలిగ్గా వస్తుంది. పదేళ్లు దాటిన బెంజ్‌కు లోను దొరకడమే కష్టం. 1500 సీసీ దాటిన కారుకు థర్డ్ పార్టీ బీమా ప్రీమియం జీఎస్టీ కాకుండా 7,897 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ లోపుకి 3,416. సుఖంలో ఈ చిన్న ఎస్‌యూవీ బెంజ్ కాలి గోటికి చాలదు, నిజమే. కానీ పొద్దున తాళం తిప్పితే స్టార్ట్ అవుతుందన్న ధీమా ఉద్యోగస్తుడికి అన్నిటికంటే ముఖ్యం.

ఇన్నోవాను నేను ఈ రెండింటికీ మధ్యలో పెడతాను, పెద్ద కుటుంబమైతే అన్నిటికన్నా పైన పెడతాను. ఇన్నోవా విప్పని మెకానిక్ మన సీమలో ఉండడు. కదిరిలో ఆగిపోయినా, తాడిపత్రిలో ఆగిపోయినా పార్టు సాయంత్రానికి వస్తుంది. పాత 2.5 డీజిల్‌కు టైమింగ్ బెల్ట్ సమయానికి మారిస్తే ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త, టాక్సీగా తిరిగినదాన్ని సొంత బండని అమ్ముతుంటారు. సర్వీసు రికార్డు లేని ఇన్నోవా తక్కువ రేటుకు వచ్చినా వదిలేయండి. మెత్తటి సీట్లు, నిశ్శబ్దం కూడా కావాలంటే పాత క్యామ్రీ ఒకటుంది. పార్టులు ఇన్నోవా అంత సులువుగా దొరకవు గానీ జర్మన్ కార్లంత గుండెదడ ఉండదు.

ఇంట్లో ఇంకో కారు ఉండి, బెంగళూరులో నమ్మకమైన గ్యారేజీ తెలిసి, కొన్న ధర మీద ఇంకో రెండు మూడు లక్షలు పక్కన పెట్టగలిగితే బెంజ్ కొనుక్కోండి, సంతోషంగా కొనుక్కోండి. చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మీ ముందే స్టార్ట్ చేయమనండి, ఇంజిన్ వెనక వైపు చైన్ గలగల వినిపిస్తే తిరిగొచ్చేయండి. కూలెంట్ డబ్బా చుట్టూ తెల్ల మరకలు చూడండి. టైరు మీద నాలుగంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. మధ్యాహ్నం ఎండలో బండి నిలబెట్టి పావుగంట ఏసీ నడిపించండి.

కేఏ (కర్ణాటక) నంబరు బండి అయితే కాగితాల లెక్క వేరే ఉంది. వేరే రాష్ట్రం బండి 12 నెలలు దాటి ఇక్కడే ఉంటే చట్టప్రకారం మన నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పైగా 2013 బండికి 2028లో పదిహేనేళ్లు నిండుతాయి, ఆర్సీ రెన్యువల్‌కు ఫిట్‌నెస్ చూపించాలి. లైఫ్ ట్యాక్స్ ఎంతవుతుందో ఇక్కడి రవాణా ఆఫీసులో కనుక్కున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.