మా సిస్టరమ్మ ఉగాండా ప్రయాణానికి టికెట్టు తీసిన భీమవరం ట్రావెల్స్ గురించి

మా మేనకోడలు కతోలిక కన్యస్త్రీల సభలో తొలి మాటపట్టు, అంటే సన్యాస వ్రతాలు, తీసుకుని, నర్సు శిక్షణ ముగించి, సభ పెద్దల ఆదేశం మేరకు ఉగాండాలోని ఒక మిషన్ ఆసుపత్రిలో సేవ మొదలుపెట్టడానికి ఇటీవలే వెళ్లింది. విమానం ఎక్కడం ఆ పిల్లకు అదే మొదలు. టికెట్టు, వీసాకు సంబంధించిన పనులన్నీ భీమవరంలోని ఒక చిన్న ట్రావెల్స్ కార్యాలయం ద్వారా జరిగాయి. మంచితో పాటు లోపాలూ చెబుతున్నాను కాబట్టి ఆ కార్యాలయం పేరు రాయడం లేదు. గల్ఫ్ టికెట్లు తీసే దుకాణాలు మన డెల్టాలో వీధికొకటి ఉన్నాయి గానీ, ఆఫ్రికాకు మఠవాసులను పంపే పని తెలిసినవారు అరుదు.

మొదట మెచ్చుకోవలసింది వీసా విషయంలో ఆ కార్యాలయం యజమాని చూపిన నిక్కచ్చితనం. ఆన్‌లైన్‌లో పర్యాటక వీసా త్వరగా వస్తుంది, దానితో పంపేయండి అని మా బంధువులలో ఒకరు తొందరపెట్టారు. యజమాని ఒప్పుకోలేదు. "సిస్టరమ్మగారు అక్కడ పనిచేయడానికి వెళ్తున్నారండీ, చూసి రావడానికి కాదు. కంపాలాలోని మఠంవారు అనుమతి పత్రం పంపేవరకు నేను టికెట్టు ముట్టుకోను" అన్నారు. ఆ పత్రం రావడానికి చాలా వారాలు పట్టింది. ఆ జాప్యానికి విసుక్కున్న మాట నిజమే అయినా, శంషాబాద్ ఇమిగ్రేషన్ కౌంటరులో అధికారి అడిగినది సరిగ్గా ఆ పత్రాన్నే.

రెండవది టికెట్టు. శంషాబాద్ నుంచి దుబాయ్ వరకు ఒకటి, అక్కడినుంచి ఉగాండా విమానాశ్రయం ఉన్న ఎంటెబ్బేకు మరొకటి విడివిడిగా కొంటే చౌకగా వస్తుందని నేనే ఫోనులో చూసి చెప్పాను. అలా కొంటే దుబాయ్‌లో సామాను దింపుకుని మళ్లీ అప్పగించాలని, అందుకోసం విమానాశ్రయం లోపలి భాగం దాటి బయటికి రావాలని, మన పాస్‌పోర్టుతో అలా రావాలంటే యూఏఈ వీసా కావాలని, మొదటి విమానం ఆలస్యమైతే రెండవదానికి ఎవరూ బాధ్యత వహించరని ఆయన కాగితం మీద గీతలు గీసి మరీ వివరించారు. చివరికి రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద తీశారు. సామాను అప్పగించినప్పుడు పెట్టెకు కట్టే చీటీ మీద 'ఈబీబీ' అనే మూడు అక్షరాలు ఉన్నాయో లేదో కళ్లారా చూసుకోమని, ఎంటెబ్బేకు అదే గుర్తు అని రెండుసార్లు చెప్పారు. ఈ మాట చెప్పే ట్రావెల్స్‌వారిని నేను ఇంతకుముందు చూడలేదు.

ఇక లోపం. ఉగాండాలో దిగాలంటే పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా వేయించుకున్నట్లు పసుపురంగు పుస్తకం చూపించాలి. టీకా వేసిన పది రోజుల తరువాతే అది చెల్లుబాటవుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలు. మా పిల్లకు హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయించాము. అయితే కార్యాలయంలోని కుర్రవాడు టీకా తేదీ అడగకుండానే ప్రయాణ తేదీ ఖాయం చేయడంతో పది రోజులు నిండకముందే విమానం ఎక్కవలసిన పరిస్థితి వచ్చింది. తేదీ మార్చుకోవడానికి అయిన ఖర్చులో సగం యజమాని భరించారు. పూర్తిగా భరించవలసింది. తప్పు వారిదే.

సామాను విషయంలోనూ కొంత నిర్లక్ష్యం ఉంది. ఇరవై మూడు కిలోల చొప్పున రెండు పెట్టెలు తీసుకువెళ్లవచ్చునని టికెట్టులోనే ఉన్నా, ఆ మాట మేము అడిగేదాకా చెప్పలేదు. అప్పటికే మా చెల్లెలు ఆవకాయ జాడీని పక్కన పెట్టేసి ఏడుపు మొహంతో కూర్చుంది. తరువాత ఊరగాయ పెద్ద పెట్టెలోకి, అక్కడి ప్రార్థనాలయం కోసం నర్సాపురంలో అల్లించిన బలిపీఠపు లేసు గుడ్డ చేతిసంచిలోకి వెళ్లాయి. మన ప్రాంతానికి లేసు అల్లిక నేర్పింది పందొమ్మిదవ శతాబ్దపు విదేశీ మిషనరీలే కాబట్టి ఆ కానుక ఎంపిక నాకు చాలా నచ్చింది. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి నర్సాపురంలో స్థిరపడిన బౌడెన్, బీర్ దంపతులు సూయజ్ కాలువ లేని ఆ కాలంలో ఆఫ్రికాను చుట్టి, నెలల తరబడి ఓడలో వచ్చారు. వారు బ్రదరెన్ అనే ప్రొటెస్టంటు శాఖవారు, మేము కతోలికులం. అది వేరే సంగతి.

హైదరాబాద్ దాకా కారు మాట్లాడతామంటే ఆయన వద్దన్నారు. ముందురోజు రాత్రే నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి, పగలంతా అక్కడి మఠంలో విశ్రమించి, సాయంత్రం పుష్పక్ బస్సులో విమానాశ్రయం చేరమన్నారు. దుబాయ్‌లో దిగాక చదవవలసిన బోర్డులు, ఎక్కడ ఎవరిని ఏమి అడగాలి, ఎంటెబ్బే గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుందన్న సంగతి, అన్నీ తెలుగులో, గుండ్రని చేతిరాతతో ఒక కాగితం మీద రాసిచ్చారు. దుబాయ్‌లో ఆ కాగితమే చూసుకుంటూ గేటు వెతుక్కున్నానని పిల్ల ఫోనులో చెప్పింది.

విదేశాలకు పిల్లలను సేవకు పంపే తల్లిదండ్రులకు, విచారణ గురువులకు (చర్చి ఫాదర్లకు) ఈ కార్యాలయాన్ని సిఫారసు చేస్తాను. అయితే టీకా తేదీ మీరే ముందుగా చెప్పండి, సామాను పరిమితి అడిగి రాయించుకోండి. సర్వీసు చార్జీకి రసీదు వారంతట వారు ఇవ్వరు. డబ్బు బల్ల మీద పెట్టకముందే అడగాలి.