యూహెచ్‌డీ 630 మీద మూడు 4కె మానిటర్లు: 8192 హద్దు దాటాక

ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఉండే యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్ సంగతి అందరికీ తెలిసిందే, ఆ వివరాల జోలికి పోను. లినక్స్‌లో ఎక్స్11 (తెర మీద విండోలను చూపించే పాత వ్యవస్థ) మీద మూడు 4కె (3840×2160) మానిటర్లను పక్కపక్కన పెట్టి ఏళ్లుగా వాడుతున్నాక గట్టిగా చెప్పాలనిపించేది ఒక్కటే. 2019లో ఇంటెల్ గ్రాఫిక్స్‌ను నడిపే ఐ915 కెర్నెల్ డ్రైవర్‌లో చేసిన ఒక మార్పు వల్ల వేరే గ్రాఫిక్స్ కార్డు కొనే అవసరం తప్పింది. ఒక డ్రైవర్ మార్పు ఇంత మేలు చేయడం అరుదు.

అంతకుముందు రెండు మానిటర్ల దాకా ఏ ఇబ్బందీ ఉండేది కాదు. మూడోదాన్ని కుడివైపు పెట్టమనగానే మానిటర్లను అమర్చే కమాండ్ ఎక్స్‌ర్యాండర్ ఒప్పుకునేది కాదు: స్క్రీన్ 8192×8192 మించకూడదు, మీరు అడిగింది 11520×2160 అని. కేబుల్ మార్చినా, పోర్టు మార్చినా అదే జవాబు. ఎందుకంటే ఎక్స్11 అన్ని తెరలకూ కలిపి ఒకే ఫ్రేమ్‌బఫర్ (తెర బొమ్మను ఉంచే మెమరీ) తీసుకుంటుంది. పిక్సెల్‌కు 4 బైట్లు. ఈ చిప్పులోని డిస్‌ప్లే భాగం ఒక్కో అడ్డవరుస 32 కేబీ దాటితే చదవలేదు. 32768ని 4తో భాగిస్తే వచ్చేదే ఆ 8192. మూడు 4కెల వరుస 46080 బైట్లు. కాన్ఫిగ్ ఫైల్లో వర్చువల్ అన్న చోట ఎంత పెద్ద అంకె రాసినా లాభం లేదు, ఈ హద్దు చెప్పేది కెర్నెల్.

మూడు క్యూహెచ్‌డీ (2560×1440) మానిటర్లయితే వెడల్పు 7680, హద్దులోపలే. 'నాకు మూడూ బాగానే పనిచేస్తున్నాయి' అనేవాళ్లు చాలావరకు వీళ్లే. రెండు 4కెల పక్కన ఒక మామూలు ఫుల్ హెచ్‌డీ పెట్టినా 9600 అయిపోతుంది.

కొత్త పద్ధతి చాలా తెలివైనది. ఏ మానిటర్‌కైనా మొత్తం బఫర్ అక్కర్లేదు, తన 3840 పిక్సెళ్ల వెడల్పు ముక్క చాలు. డ్రైవర్ ఆ ముక్క ఉన్న మెమరీ పేజీలను మాత్రమే ఏరి, గ్రాఫిక్స్ పేజీ టేబుల్‌లో (ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పట్టికలో) మళ్లీ వరుసగా పేరుస్తుంది. డిస్‌ప్లే భాగానికి కనిపించే వరుస అప్పుడు 15360 బైట్లే. పిక్సెళ్లను ఎక్కడికీ కాపీ చేయదు, ఉన్న డేటాకే కొత్త దారి చూపిస్తుంది. దీంతో హద్దు 16384×16384 అయింది. మీ మెషీన్‌లో వచ్చిందో లేదో చూడాలంటే ఎక్స్‌ర్యాండర్ అవుట్‌పుట్ మొదటి లైన్‌లో మ్యాగ్జిమమ్ పక్కన ఉన్న అంకె చదవండి. పాత కెర్నెల్ మార్చలేని చోట మూడింటినీ నిలువుగా తిప్పితే 6480×3840, లేదా కింద రెండు, పైన ఒకటి పెడితే 7680×4320. రెండూ 8192లో పడతాయి.

అయితే 16384 వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. అక్షరాలు చిన్నగా ఉన్నాయని స్కేలింగ్ పెంచినప్పుడు అసలు చిక్కు వస్తుంది. ఎక్స్11లో ఫ్రాక్షనల్ స్కేలింగ్ (125, 150 శాతం లాంటివి) ఇచ్చే డెస్క్‌టాప్‌లు సాధారణంగా ముందు రెండింతల సైజులో గీసి, తర్వాత కుదిస్తాయి. 150 శాతం పెడితే ఒక్కో 4కె (3840ని 1.5తో భాగించి, రెండింతలు చేస్తే) 5120×2880 తీసుకుంటుంది, మూడూ కలిపి 15360, సరిపోతుంది. 125 శాతానికి తగ్గిస్తే ఒక్కోటి 6144 అవుతుంది, మొత్తం 18432, మళ్లీ అదే ఎర్రర్. స్కేల్ తగ్గిస్తే బఫర్ పెరగడం వింతగా అనిపిస్తుంది కానీ లెక్క అదే. స్కేలింగ్ 100 దగ్గరే ఉంచి ఫాంట్ డీపీఐ (అక్షరాల సైజును మాత్రమే మార్చే సెట్టింగ్) పెంచుకోవడం అన్నిటికన్నా మేలు.

నాలుగో మానిటర్ మీద ఆశ పెట్టుకోకండి. ఒక్కో తెరకు బొమ్మ పంపే డిస్‌ప్లే పైపులు ఈ చిప్పుకు మూడే, నాలుగోదానికి సీఆర్‌టీసీ (ఆ పైపుకు డ్రైవర్ పెట్టుకున్న పేరు) దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ హబ్ కొన్నా ఆ లెక్క మారదు. పైగా డిస్‌ప్లేపోర్ట్ 1.2 కేబుల్‌లో డేటాకు దొరికేది సెకనుకు 17.28 గిగాబిట్లు, ఒక 4కె 60 హెర్ట్జ్‌కే 12.8 దాకా పోతుంది. రెండోది అదే కేబుల్‌లో పట్టదు. బోర్డు మీది హెచ్‌డీఎంఐ 1.4 అయితే ఆ తెర 30 హెర్ట్జే. మౌస్ కదలికలో తేడా తెలుస్తుంది, దాన్ని పక్క తెరగానే ఉంచండి.

ర్యామ్ సంగతి కొనేముందే చూసుకోవాలి. తెర మీద ఏదీ కదలకపోయినా మూడు 4కెలకు సెకనుకు దాదాపు 6 జీబీ మెమరీ నుంచి చదవాలి. డీడీఆర్4-2400 ఒక్క స్టిక్ ఇచ్చేది సెకనుకు 19.2 జీబీ, దాంట్లో మూడో వంతు దీనికే పోతుంది. విండో లాగినప్పుడు తడబాటు కనిపిస్తే డ్రైవర్‌ను అనుమానించే ముందు రెండో స్టిక్ వేసి చూడండి.

నాది టెర్మినళ్లు, కోడ్, పీడీఎఫ్‌ల పని కాబట్టి ఈ ఏర్పాటుతో సంతృప్తిగా ఉన్నాను. గేములు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు ఇదే మాట చెప్పలేను. ఎక్స్11 స్థానంలో వచ్చిన కొత్త వ్యవస్థ వేలాండ్‌లో ఒక్కో మానిటర్‌కు విడి బఫర్ ఉంటుంది కాబట్టి 8192, 16384 గొడవలు రెండూ రావు. నేను ఎక్స్11లోనే ఉండటానికి కారణం విండోలను కదిలించే ఎక్స్‌డూటూల్ స్క్రిప్టులు, అవి వేలాండ్ విండోల మీద పనిచేయవు. ఆ అవసరం లేనివాళ్లు ఈ లెక్కలన్నీ వేసే ముందు ఒకసారి వేలాండ్ సెషన్‌లో లాగిన్ అయి చూడటం మంచిది.