అక్వేరియం ఇంట్లో చెమ్మ: మూత, ఎగ్జాస్ట్ ఫ్యాన్, డీహ్యూమిడిఫైయర్ – ఏది మేలు?

వానలు మొదలైతే చాలు, చేపలు పెంచే మిత్రుల నుంచి నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "ట్యాంకు పెట్టాక గదంతా చెమ్మ వాసన వస్తోంది, డీహ్యూమిడిఫైయర్ (గాలిలోని తేమని నీళ్లుగా లాగేసే మెషిన్) కొనేయమంటారా?" ఈ వారంలోనే ముగ్గురు అడిగారు. రెండేళ్ల కిందట నేనూ సరిగ్గా అక్కడే ఉన్నాను కాబట్టి, నేను ఏం చేశానో, ఏది పనిచేసిందో, ఏది చేయలేదో ఒకేసారి రాసేస్తున్నాను.

మాది విశాఖలో మూడో అంతస్తు ఫ్లాటు. పన్నెండు బై పన్నెండు గదిలో నాలుగడుగుల ట్యాంకు ఉంటుంది, పైన మూత లేదు, ఏంజెల్ చేపలూ కాసిన్ని మొక్కలూ చూడ్డానికి తెరిచి ఉంటేనే బాగుంటుందని అలా వదిలేశాను. అదే గదిలో అమ్మ బీరువా. శ్రావణ మాసంలో వరలక్ష్మీ వ్రతానికని పట్టుచీర తీస్తే మడత పొడవునా తెల్లటి బూజు మచ్చలు. నలభై ఏళ్ల నాటి చీర అది. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, చీరని ఎండలో పరిచి మచ్చల్ని మెత్తటి గుడ్డతో ఒక్కొక్కటీ తుడుస్తూ కూర్చుంది. ఆ రోజు నుంచే ఈ సంగతి గట్టిగా పట్టుకున్నాను.

ముందు అనుమానం తీర్చుకోవాలి, ఎందుకంటే గోడలో పైపు కారుతుంటే ట్యాంకుని ఎంత మూసినా లాభం లేదు. మూరెడు పాలిథిన్ షీటు కోసి చెమ్మగా ఉన్నచోట గోడకి నాలుగు వైపులా టేపు వేసి రెండు రోజులు వదిలేయండి. షీటుకీ గోడకీ మధ్య నీళ్లు పట్టాయంటే చెమ్మ గోడలోంచి వస్తోంది, ప్లంబర్‌ని పిలవండి. లోపల పొడిగా ఉండి షీటు పైనా, చుట్టుపక్కల గోడ మీదా తడి తగులుతుంటే అది గదిలో గాలి తెచ్చిన తేమ. మా ఇంట్లో రెండోదే.

తర్వాత ట్యాంకు ఎంత నీళ్లు వదులుతోందో చూశాను. అద్దం మీద నీటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి, నీళ్లు పోయకుండా మూడు రోజులు ఆగితే సుమారు సెంటీమీటరు దిగింది. నాలుగడుగులు బై అడుగున్నర ట్యాంకులో సెంటీమీటరు అంటే ఐదున్నర లీటర్లు. రోజుకి రెండు లీటర్లకి కాస్త తక్కువ. వినడానికి చిన్నదే, కానీ ఆ గదిలో ఉండే గాలి మొత్తం నలభై ఘనమీటర్లు, 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి పట్టగలిగే నీరు 30 గ్రాములు. ఎముకలా ఎండిపోయిన గాలి అయినా లీటరుంబావుతో నిండిపోతుంది. మా విశాఖలో ఆగస్టు గాలి ఎండినది కాదు కదా, ముప్పాతిక నిండి వస్తుంది. మిగిలిన పావు వంతులో నా ట్యాంకు రోజూ రెండు లీటర్లు పోస్తోంది, తలుపులు వేసి ఉంచిన గదిలో.

ఇప్పుడు అసలు పోలిక.

డీహ్యూమిడిఫైయర్ మీదే అందరికీ ఆశ కాబట్టి దాంతో మొదలుపెడతాను. ఒక స్నేహితుడి దగ్గర రోజుకి పది లీటర్లు లాగే మెషిన్ అడిగి తెచ్చుకుని పది రోజులు వాడాను. పని చేస్తుంది, అందులో సందేహం లేదు. రాత్రి పది గంటలు నడిస్తే పొద్దుటికి నాలుగు లీటర్ల దాకా నీళ్లు, తేమ మీటరు 80 శాతం నుంచి 60కి దిగింది. పెట్టె మీద రాసే లీటర్ల లెక్క మామూలుగా 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర వేసిందని, గాలి పొడిబారే కొద్దీ తీసే నీళ్లూ తగ్గుతాయని తెలిసి కొనుక్కుంటే మెషిన్‌ని తప్పుపట్టడానికేమీ లేదు. నాకు నచ్చనివి రెండు. ఒకటి వేడి. గాలిలో నీటిని మళ్లీ నీళ్లుగా మారిస్తే లీటరుకి 0.67 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) వేడి బయటపడుతుంది, దానికి మోటారు తినే కరెంటు కూడా కలుస్తుంది. నాలుగు లీటర్లు తీసి, రెండు యూనిట్ల పైచిలుకు కరెంటు తాగితే, ఆ మెషిన్ వెనక నుంచి వచ్చే గాలి అర కిలోవాట్ హీటర్ పది గంటలు వేసినంత వేడి. కిటికీలు వేసి ఉంచాలి మళ్లీ. ఉక్కపోత తగ్గిందని సంతోషించేలోపు గది వేడెక్కుతుంది.

రెండోది ట్యాంకు దగ్గర కనబడింది. ఆ పది రోజులూ గీత దగ్గర చూస్తూనే ఉన్నాను. అంతకుముందు రోజుకి మూడున్నర మిల్లీమీటర్లు దిగే మట్టం ఐదు దాకా దిగడం మొదలైంది. గాలి పొడిబారింది కాబట్టి నీళ్లు ఇంకా త్వరగా ఆవిరవుతున్నాయి, ఆ ఆవిరినే మెషిన్ పట్టి బకెట్‌లో పోస్తోంది, నేను పొద్దున్నే ఆ బకెట్ పారబోసి ఇంకో బకెట్‌తో ట్యాంకు నింపుతున్నాను. మూడో రోజు ఆ రెండు బకెట్లూ పక్కపక్కన పెట్టుకుని నిలబడినప్పుడు నా నిర్ణయం అయిపోయింది. నీళ్లు ట్యాంకులోంచి బయటికి రాకుండా చూడాలి గానీ వచ్చాక వెంటపడటం ఏమిటి?

అందుకే మూత. నా మటుకు నాకు ఇదే అసలు విషయం, మిగతావన్నీ దీని తర్వాతే. గ్లాస్ షాపులో 5 ఎంఎం గాజు రెండు ముక్కలు కోయించాను, అంచుల పాలిష్‌తో కలిపి వెయ్యి లోపే అయింది. వెనక వైపు ఫిల్టర్ పైపులకీ గాలి ఆడటానికీ రెండంగుళాల సందు. మూత పెట్టాక అదే గీతతో చూస్తే సెంటీమీటరు దిగడానికి పదిహేను రోజులు పట్టింది. అంటే రోజుకి రెండు లీటర్లు పోయేది మూడు వందల యాభై మిల్లీలీటర్ల దగ్గరికి వచ్చింది, ఒక్క యూనిట్ కరెంటు లేకుండా.

మూత వేస్తే చేపలకి ఊపిరి ఆడదేమోనని చాలామంది టెన్షన్ పడతారు. ఫిల్టర్ నీటి పైభాగాన్ని కదిలిస్తూ ఉండి, వెనక ఆ కాస్త సందు ఉంటే ఏమీ కాదు. పైగా బల్లులు పడవు, ఎగిరే చేపలు నేల మీద చచ్చి పడి ఉండవు.

కానీ కోయించేటప్పుడు ఒక్క జాగ్రత్త, నేను మొదటిసారి తప్పు చేసింది ఇక్కడే. గాజుని ట్యాంకు అంచుకన్నా కాస్త పెద్దగా, అంచు మీద కూర్చునేలా కోయించాను. లోపల ఆవిరి గాజు అడుగున చుక్కలుగా పట్టి, ఆ చుక్కలు అంచు దాకా పాకి, మూతకీ ట్యాంకు గాజుకీ మధ్య సన్నటి సందులోంచి బయటికి జారి, రాత్రికి రాత్రే స్టాండు ప్లైవుడ్ మీదికి ఒక చార దిగింది. చెమ్మ పోగొట్టాలని పెట్టిన మూతే చెక్కని తడిపింది. తర్వాత అర సెంటీమీటరు చిన్నగా కోయించి, లోపలి గోడలకి తగిలించే క్లిప్పుల మీద కూర్చోబెట్టాను. ఇప్పుడు చుక్కలన్నీ తిరిగి ట్యాంకులోకే పడతాయి. యాక్రిలిక్ షీటు తేలిక అని కొందరు చెబుతారు, ఒకవైపే తడి తగిలి అది విల్లులా వంగిపోతుంది, నాలుగడుగుల ట్యాంకుకి అసలు వద్దు. గాజు అడుగున పట్టే తెల్లటి ఉప్పు పొరకి నిమ్మచెక్కతో రుద్ది కడిగితే చాలు, లేకపోతే లైటు వెలుగు తగ్గి మొక్కలు నీరసిస్తాయి.

మూతకి ఒక్కటే నిజమైన లోపం, ఎండాకాలం. నీళ్లు ఆవిరవుతూ ట్యాంకుని చల్లబరుస్తాయి, తెరిచిన ట్యాంకు మీద చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మూత బిగించి ఉంచితే నీళ్లు 32 దాటతాయి, నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, గోల్డ్‌ఫిష్ లాంటివి అస్సలు తట్టుకోవు. ఆ రెండు నెలలూ నేను ఒక గాజు ముక్క తీసేసి పైన వల కడతాను, కిటికీ తెరిచి ఉంచుతాను, బీరువా ఉన్న గది కాబట్టి తేమ మీటరు మీద కూడా ఓ కన్నేసి ఉంచుతాను.

ఇక ఎగ్జాస్ట్ ఫ్యాను. ఇది ఎప్పుడు పనిచేస్తుందన్నది పూర్తిగా బయటి గాలి మీద ఆధారపడి ఉంటుంది, ఇక్కడే చాలామంది పొరబడతారు. బయట 90 శాతం తేమ అని ఫోన్లో చూసి ఫ్యాను ఆపేస్తారు. శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. రాత్రి వాన వెలిశాక బయట 24 డిగ్రీలు, 90 శాతం ఉందనుకోండి, ఆ గాలిలో ఘనమీటరుకి దాదాపు ఇరవై గ్రాముల నీరు. లోపల 30 డిగ్రీలు, 75 శాతం అంటే ఇరవై మూడు దాకా. కాబట్టి శాతం ఎక్కువ కనబడ్డా బయటి గాలే పొడి, ఫ్యాను వేయాల్సిందే. అదే ఆగస్టు మధ్యాహ్నం 31 డిగ్రీలు, 78 శాతం ఉన్న గాలిలో పాతిక గ్రాములు, అప్పుడు ఫ్యాను వేస్తే సముద్రం మీది తేమని గదిలోకి పిలిచినట్టే. మా వెంటిలేటర్‌లో ఎనిమిదంగుళాల ఫ్యాను ఉంది, వానాకాలంలో తెల్లవారుజామున రెండు గంటలు, చలికాలంలో ఎప్పుడైనా. గది తలుపు కింద నుంచి గాలి లోపలికి వచ్చే దారి ఉండాలి, లేకపోతే ఫ్యాను తిరుగుతుందే గానీ గాలి మారదు.

హైదరాబాద్ వాళ్లకి ఈ లెక్క వేరు. అక్కడ డిసెంబరులోనూ వేసవి మధ్యాహ్నాల్లోనూ బయటి గాలి బాగా పొడి, కిటికీ కాసేపు తెరిచినా పని అయిపోతుంది, చాలా ఇళ్లకి ఫ్యాను కూడా అక్కర్లేదు. జూలై, ఆగస్టుల్లో మాత్రం మూత వేసుకోండి. అమెరికాలో చలి రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లు అడిగితే ఇంకోలా చెబుతాను: శీతాకాలంలో హీటింగ్ వల్ల ఇంట్లో గాలి ఎండిపోయి పెదాలు పగులుతుంటాయి కాబట్టి ట్యాంకు తేమ కొంతవరకు మేలే, కిటికీ అద్దాల మీద నీళ్లు కారడం మొదలైతే అప్పుడు మూత వేయండి.

ఏసీ గురించి: నడిచినంతసేపూ తేమ తీస్తుంది, ఆపగానే ట్యాంకు మళ్లీ మొదలుపెడుతుంది. బీరువాలో పెట్టే క్యాల్షియం క్లోరైడ్ డబ్బాలు అల్మరా లోపలికి మాత్రమే, గదికి కావు. అరచేయంత చిన్న మెషిన్లు రోజంతా నడిచినా గ్లాసెడు తీయడమే గొప్ప, వాటి మీద డబ్బు పెట్టకండి.

హీటరు వాడేవాళ్లు ఒకటి చూసుకోవాలి. చలికాలంలో గది 22 ఉండి నీళ్లు 28 దగ్గర ఉంటే ఆవిరి బాగా పెరుగుతుంది. గప్పీలు, మోలీలకి 25 చాలు, అంతకన్నా ఎక్కువ పెట్టడం అనవసరం. డిస్కస్ పెంచేవాళ్లకి ఆ వెసులుబాటు లేదు, వాటికి 28 పైనే కావాలి. ఒకే గదిలో నాలుగైదు ట్యాంకులు పెట్టి డిస్కస్ పెంచుతుంటే మాత్రం డీహ్యూమిడిఫైయర్ కొనుక్కోండి, అడ్డుచెప్పను. అదీ ముందు అన్నిటికీ మూతలు వేశాక, అప్పటికీ తేమ మీటరు 70 దిగకపోతేనే.

మూత వేసినా తగ్గే నీటికి బదులు పోసేటప్పుడు ఒక సంగతి. ఆవిరయ్యేది ఒట్టి నీరే, ఉప్పులు ట్యాంకులోనే ఉండిపోతాయి. బోరు నీళ్లే మళ్లీ మళ్లీ పోస్తూ పోతే ట్యాంకు నీళ్లలో ఉప్పులు పేరుకుపోతాయి, అందుకని పై నింపుడుకి ఆర్‌ఓ నీళ్లు వాడి, వారానికోసారి కొంత నీళ్లు మార్చండి.

మా గదిలో ఈ ఏడు వానాకాలం మీటరు చాలా రోజులు 66కీ 70కీ మధ్యే ఉంది. బీరువాని గోడ నుంచి నాలుగంగుళాలు ముందుకి జరిపాను, వెనక గాలి ఆడుతోంది. మొన్న వ్రతానికి అమ్మ అదే పట్టుచీర తీసి, మడత విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి కట్టుకుంది.