బ్రస్సెల్స్‌లో ఎక్కడ తినాలి, ఎక్కడ తినకూడదు

ఊరి నడిబొడ్డున ఉన్న పాత చౌక్ గ్రాండ్ ప్లాస్ చూసి ఆకలితో పక్కనున్న రూ దె బుషే సందులోకి వెళ్లేవాళ్లకి నా మాట ఒకటే: మెనూ కార్డు చూపించి లోపలికి పిలిచే చోట కూర్చోవద్దు. మమ్మల్నీ అలాగే పిలిచారు. బయట బోర్డు మీద ఆల్చిప్పలు (మసెల్స్), ఫ్రైస్ కలిపి 18 యూరోలు. ఇద్దరికీ బిల్లు మాత్రం 71! 'పెద్ద సైజు' అంటూ ఆల్చిప్పలకి మనిషికి 26, అడక్కుండా పెట్టిన బ్రెడ్డుకి 6, నీళ్ల సీసాకి 8, పైన సర్వీసు 5. బెల్జియంలో సర్వీసు ధరలోనే కలిసి ఉంటుంది, విడిగా వేయకూడదు. అదే అడిగితే వెయిటర్ మెనూ అడుగున చీమల్లాంటి అక్షరాలు చూపించి వెళ్లిపోయాడు. డబ్బు కంటే ఆ నిర్లక్ష్యమే మా ఆవిడని మండించింది. మధ్యాహ్నం పెద్ద పెద్ద లోహపు గోళాలతో కట్టిన ఆటోమియం బాగానే చూశాం కానీ తను ఒక్క ఫొటోకీ నవ్వలేదు.

రాత్రి మరోల్ పేటలో, రోజూ పాత సామాన్ల సంత జరిగే జూ ద బాల్ చౌక్ దగ్గర ఒక చిన్న టావెర్న్‌కి వెళ్లాం. చెక్క బల్లలు, గోడల నిండా బీరు కంపెనీల పాత రేకు బోర్డులు, నల్లబల్ల మీద సుద్దతో రాసిన మెనూ. ఇక్కడ పేరున్న కార్బొనాద్ అంటే బీరులో గంటల తరబడి ఉడికించిన బీఫ్. మేం బీఫ్ తినమని చెప్పగానే వడ్డించే పెద్దావిడ, అయితే వాటర్‌జోయి తినండి అంది. గెంట్ ఊరి వంట అది. చికెన్, లీక్స్ (లావు ఉల్లికాడల్లాంటివి), క్యారట్, బంగాళాదుంపలు వేసి, మీగడ, గుడ్డు సొనతో చిక్కబరిచిన పులుసు, 19.50. నేను స్టూంప్ తీసుకున్నా: కూరగాయలు కలిపి మెదిపిన బంగాళాదుంప, పక్కన లావుపాటి పోర్క్ సాసేజ్, 17. కారం అస్సలుండదు, ఆవపిండి ముద్ద అడిగి తీసుకోండి, ముక్కు అదురుతుంది.

బీరు గ్యూజ్ చెప్పా, 5.80. గాలిలోని ఈస్ట్‌తోనే పులిసే లాంబిక్ అనే బీరుని, కొత్తదీ పాతదీ కలిపి సీసాలో మళ్లీ పులియబెడతారు. మొదటి గుక్కకి పళ్లు పులిశాయి, మూడో గుక్కకి వదలబుద్ధి కాలేదు. మా ఆవిడకి చెర్రీలతో చేసే క్రీక్, 5.20. ఇక్కడ ఏ బీరు గ్లాసు దానిదే. క్రీక్ గ్లాసులన్నీ బల్లల మీదే ఉన్నాయని, ఒకటి ఖాళీ అయ్యేదాకా ఆగి, కడిగి, తుడిచి అందులోనే పోసింది పెద్దావిడ. అంత పట్టింపు చూసి మా ఆవిడ ముఖం వికసించింది.

బిల్లు సరిగ్గా 47.50. బ్రెడ్డుకి పైసా తీసుకోలేదు. ఏడింటికే వెళ్లండి, తొమ్మిదిన్నరకి వంట ఆపేస్తారు. రోష్‌ఫోర్ 10 అనే బీరు తాగాలనుంటే భోజనంతోపాటే తాగండి, అందులో ఆల్కహాల్ 11.3 శాతం.