ఐదు నిమిషాలు వాయించి చూసి ట్యూబ్ యాంప్ కొనకండి

సెకండ్ హ్యాండ్ ట్యూబ్ యాంప్ (గాజు ట్యూబులతో పనిచేసే గిటార్ యాంప్లిఫైయర్) కోసం వెతుకుతున్నవాళ్లు డబ్బులు పంపే ముందు ఇది చదవండి. నేను 38 వేలు పోసి తెచ్చుకున్నది ఇంట్లో అరగంట కూడా పాడలేదు.

ప్రకటనలో చూసింది 15 వాట్ల కాంబో, అంటే యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో. స్పీకర్‌ని నడిపే ఈఎల్84 పవర్ ట్యూబులు రెండు, వాటికి ముందు సిగ్నల్‌ని పెంచే 12ఏఎక్స్7 చిన్న ట్యూబులు మూడు. "మా కజిన్ అమెరికా నుంచి తెచ్చాడు, ఇక్కడి కరెంటుకి మార్పించాం, ఒక్క గీత కూడా లేదన్నా" అన్నాడు అమ్మేవాడు. గీత లేని మాట నిజమే. నేను ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తాను, ఎన్నాళ్లనుంచో ట్యూబ్ సౌండ్ మీద మనసు. వాళ్లింటికి వెళ్తే స్విచ్చేసి, నాలుగు కార్డ్స్ కొట్టనిచ్చి, "కింద ఓనర్ గారు పడుకున్నారన్నా" అని ఆపేశాడు. మొత్తం ఐదు నిమిషాలు. పాపం పెద్దాయన నిద్ర చెడగొట్టడం ఎందుకులే అని నేనూ తలూపాను. అక్కడే దొరికిపోయాను.

ఆ రాత్రి ఇంట్లో వాయిస్తుంటే ఇరవై నిమిషాలకి గుయ్‌మని హమ్ మొదలైంది. సౌండ్ నీరుకారిపోయింది, వార్నిష్ కాలిన వాసన. వెనక్కి వంగి చూశాను. ట్యూబులో కింద కనిపించే నారింజ రంగు వెలుగు మామూలే, అది హీటర్. కానీ కుడివైపు పవర్ ట్యూబులో బూడిదరంగు రేకే (ప్లేటు) కరెంటు పొయ్యి కాయిల్‌లా ఎర్రగా కాలుతోంది. దీన్నే రెడ్ ప్లేటింగ్ అంటారు. వెంటనే ఆపేశాను.

మర్నాడు నాకు తెలిసిన పరీక్ష ఒకటి చేశాను. చల్లారిన పవర్ ట్యూబులు రెండింటినీ అటుదిటు మార్చి పెట్టాను. ఎరుపు ట్యూబుతోపాటు ఎడమవైపుకి వెళ్తే తప్పు ట్యూబుది. వెళ్లలేదు, కుడి సాకెట్‌లోనే ఎర్రబడింది. నేను స్విచ్ దగ్గరికి చెయ్యి పోనిచ్చేలోపు టప్‌మంది, సౌండ్ సగానికి పడిపోయింది. ఇంకా లోపల చెయ్యి పెట్టలేదు, మీరూ పెట్టకండి. ప్లగ్ తీసేసినా లోపల ఫిల్టర్ కెపాసిటర్లలో 300 వోల్టుల పైనే నిలవ ఉండొచ్చు.

కోఠిలో వాల్వు రేడియోల కాలం నుంచీ పనిచేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ట్యూబు అనరు, వాల్వు అనే అంటారు. మొదట ఫ్యూజు క్యాప్ తిప్పి బయటికి లాగి, మాట్లాడకుండా నా అరచేతిలో పెట్టారు. గాజు ఫ్యూజు చుట్టూ చక్కగా మూడు చుట్లు రాగి తీగ! మన ఇళ్లలో పాత ఫ్యూజులకి తీగ కట్టినట్టు. "ఇది కట్టినోడికి జబ్బేంటో తెల్సు బాబూ" అన్నారు.

తర్వాత సిరీస్ బోర్డు తెచ్చి, వంద వాట్ల బల్బు మీదుగా మెల్లగా పవర్ ఇచ్చారు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, యాంప్ బతికిపోతుంది. బల్బు మసకగానే వెలిగింది. బల్బు తీసేసి ఆ కుడి సాకెట్ గ్రిడ్ (ట్యూబు ఎంత కరెంటు లాగాలో అదుపు చేసే పిన్ను) మీద మీటర్ పెట్టారు. ఈ రకం యాంప్‌లో అక్కడ సున్నా ఉండాలి. ఉంది కూడా. అప్పుడు సోల్డరింగ్ ఐరన్‌ని పక్కనున్న కెపాసిటర్‌కి తగలకుండా దగ్గరగా పట్టుకున్నారు. రెండు వోల్టులు... నాలుగు... ఏడు. చూస్తుండగానే ఎక్కింది.

అది కప్లింగ్ కెపాసిటర్. ముందున్న ట్యూబు నుంచి సిగ్నల్‌ని మాత్రం వదిలి, అక్కడున్న పెద్ద డీసీ వోల్టేజీని ఆపడం దాని పని. ఇది చల్లగా ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది, వేడెక్కితే లీకవుతుంది. గ్రిడ్ పాజిటివ్ అయ్యేసరికి ట్యూబు ఒళ్లు తెలియకుండా కరెంటు లాగేస్తుంది. ఈఎల్84 ప్లేటు తట్టుకునేది 12 వాట్లే. ఐదు నిమిషాల డెమో ఎందుకో అర్థమైందిగా?

కెపాసిటర్ ఖరీదు వంద రూపాయలు కూడా లేదు. కానీ ఈలోపు పవర్ ట్యూబుల నుంచి స్పీకర్‌కి సౌండ్ అందించే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో, ట్యూబుల వైపు తీగచుట్ట (ప్రైమరీ) ఒక సగం తెగిపోయింది. మీటర్ ఒకవైపు ఓమ్స్ చూపిస్తోంది, రెండోవైపు ఏమీ లేదు. సరైన ఫ్యూజు ఉంటే ముందు అదే పోయి ఇది మిగిలేదేమో అన్నారాయన. రివైండింగ్, కొత్త ట్యూబులు కలిపి 11 వేలు. సౌండ్ వచ్చింది, మునుపటి మెరుపు రాలేదు.

ఫోన్ చేస్తే "మా దగ్గర బాగానే పాడింది, మీ ఇంట్లో వోల్టేజీ ప్రాబ్లం అయ్యుంటది" అన్నాడు. తర్వాత బ్లాక్. తెలియక అమ్మాడని ఎలా అనుకోను? పవర్ ట్యూబుల్లో ఒకటి గోధుమరంగుకి మాడిన పాతది, రెండోది వేరే కంపెనీది, అక్షరాలు తళతళలాడుతున్నాయి. ఎవరైనా మారిస్తే జతగా మారుస్తారు. ఆ కొత్తది పెట్టి ఇచ్చింది ఆ కుడి సాకెట్‌లోనే.

కాబట్టి వెళ్తే గంట టైం ఉంచుకుని వెళ్లండి. నలభై నిమిషాలు వాల్యూమ్ పెంచి వాయించండి, లైట్లు ఆర్పించి వెనకనుంచి ప్లేట్లు చూడండి. ప్లగ్ తీయించి ఫ్యూజు బయటికి లాగి చూడండి. కాదంటే వచ్చేయండి. ఓనర్ నిద్రపోతున్నాడని స్పీకర్ వైరు పీకి ఆన్ చేసి చూపిస్తామంటే అస్సలు ఒప్పుకోకండి, లోడు లేకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయే ప్రమాదం ఉంది. ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి ఉంటే బేరమే వద్దు, గిటార్ తీగలు పట్టుకునేది మన చేతులే. 12ఏఎక్స్7 మీద పెన్సిల్‌తో తడితే స్పీకర్లో టంగుమంటే మాత్రం భయపడకండి, ఆ ఒక్క ట్యూబు మార్చుకుంటే చాలు. ట్యూబు మీద ఈసీసీ83 అని ఉన్నా అదే రకం.

ఇంకోటి, అమెరికా నుంచి బంధువులు తెచ్చే యాంపులు చాలావరకు 120 వోల్టులవి. పిన్ను మార్చే చిన్న అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు, లోపల మన కరెంటుకి మార్పించకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాల్సిందే.

నేను కొన్నదాని ఫొటోలు నీలం పూల దుప్పటి మీద తీసినవి. మొన్న శుక్రవారం వేరే పేరుతో ఇంకో యాంప్ ప్రకటన కనిపించింది. "మింట్ కండిషన్, అర్జెంట్ సేల్" అట. దుప్పటి అదే.