ఆటోనగర్‌లో అతికించిన హెడ్‌లైట్ చెవి

బంపర్‌కి పెయింట్ ఎలా వేశారన్నది ఎవరైనా రాస్తారు. నాకు చెప్పాలనిపిస్తోంది మాత్రం బానెట్ ఎత్తితే తప్ప కనిపించని బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క గురించి. హెడ్‌లైట్‌ని బాడీకి బిగించే చెవి అది.

కాజా టోల్‌గేట్ దగ్గర క్యూలో ఆగి ఉన్నాం. ముందున్న లారీ కదలబోతూ అడుగు దూరం వెనక్కి జారింది. నా బంపర్ లోపలికి నొక్కుకుని దానంతటదే మళ్లీ బయటికొచ్చింది. మూలన పెయింట్ లేచింది, ఫెండర్ (చక్రం పైనుండే రేకు) దగ్గర సందు పడింది. కుడి హెడ్‌లైట్ మీద గీత కూడా లేదు కానీ, చేత్తో తడితే ఊగే పన్నులా కదులుతోంది. లారీ మీద క్లెయిమ్ అంటే పోలీస్ స్టేషన్, ఆపైన ట్రిబ్యునల్. ఈపాటి దెబ్బకి ఎవరు తిరుగుతారు?

షోరూమ్ వర్క్‌షాప్‌లో చూడగానే తేల్చేశారు: "చెవి విడిగా రాదు సార్, అసెంబ్లీ మొత్తం మార్చాలి." కొత్త బంపర్, కొత్త హెడ్‌లైట్, పెయింట్, లేబర్ అన్నీ కలిపి ఎస్టిమేట్ 20,000 దాటింది. ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారా? నా కారుకి ఏడేళ్లు, జీరో డెప్ (పాతబడిందని ధర కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేదు. ప్లాస్టిక్ భాగాలకి సగం ధరే ఇస్తారు. పెయింట్ బిల్లులో నాలుగో వంతు మెటీరియల్ కింద లెక్కేసి అందులోనూ సగం కోస్తారు. 1500 సీసీ లోపు కారుకి తప్పనిసరి కోత ఇంకో 1,000. క్లిప్పులు, నట్లు, బోల్టులు మనవే. అన్నీ పోను ఎనిమిది, తొమ్మిది వేలు నా జేబులోంచే కదులుతున్నాయి.

అసలు దెబ్బ ఎన్‌సీబీది, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపుది. నాకు 50 శాతం ఉంది. ఒక్క క్లెయిమ్‌తో సున్నా అవుతుంది. మళ్లీ ఏటా ఒకటి చొప్పున 20, 25, 35, 45 మెట్లెక్కి 50కి చేరేసరికి పోయేది కూడితే, ఓన్ డ్యామేజ్ (మన కారు నష్టానికి కట్టే) ప్రీమియం ఏడాదింపావుది గాల్లో కలిసినట్టే. ఈ లెక్క వర్క్‌షాప్ కౌంటర్‌లో ఎవరూ చెప్పరు. "క్యాష్‌లెస్ సార్, టెన్షన్ లేదు" అని మాత్రం చెబుతారు.

విజయవాడ ఆటోనగర్‌లో ప్లాస్టిక్ పని చేసే ఒక మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బంపర్ వైపు చూడనే లేదు. హెడ్‌లైట్ విప్పి తిరగేసి, వెనక చిన్న అక్షరాల్లో అచ్చయిన ప్లాస్టిక్ రకం గుర్తు చదివాడు. "పీపీ. అతుక్కుంటుంది. ఏబీఎస్ అయితే దానికి వేరే ముక్క వెతకాలి" అంటూ మూలనున్న గోనెసంచి కుమ్మరించాడు. అన్నీ పగిలిన హెడ్‌లైట్లే. అదే జాతి ప్లాస్టిక్ ఉన్నదాన్ని ఏరి, దాని చెవి కోసి నా లైటుకి ఆనించాడు. ఆ తర్వాత హాట్ స్టేప్లర్ అందుకున్నాడు. వంకరటింకర తీగ ముక్క ఎర్రబడగానే అతుకుకి అడ్డంగా ప్లాస్టిక్‌లోకి దించి, చల్లారే దాకా కదపకుండా పట్టుకుని, బయట మిగిలిన కొసలు తుంచాడు. అలా వరసగా కుట్లు వేసి, పైన అదే ప్లాస్టిక్ కరిగించి పోసి, ఆకురాయితో సాపు చేశాడు. చెయ్యి పెట్టి చూస్తే అతుకు దగ్గర పాత చెవి కంటే మందంగా ఉంది. "అదే ఉండాలి సార్, మళ్లీ విరిగితే పక్కన విరగాలి గానీ ఇక్కడ కాదు."

బంపర్‌ని వేడిగాలితో సరిచేయడం, పెయింట్ వేయడం పక్క షెడ్డు వాళ్ల పని. అంతా కలిపి 4,500 అయింది.

దాని తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. గుంటూరు, ఏలూరు రోడ్లు, మా వీధిలో స్పీడ్ బ్రేకర్లు, అన్నీ చూసింది. చెవి బిగి సడలలేదు. కార్ వాష్ వాళ్లు ప్రెషర్ గన్‌తో కొట్టినా లైటు కదల్లేదు. చలికాలం పొద్దున్నే అద్దం లోపల కొంచెం ఆవిరి పడుతుంది, లైటు వేస్తే పోతుంది. ఎడమవైపు కంపెనీ లైటుకీ అంతే కాబట్టి దాన్ని ఈయన లెక్కలో వేయను. నీటి చుక్కలు నిలబడి ఉంటే మాత్రం వేసేవాణ్ణి.

పనితనం బాగుందన్నాను కానీ, ఆయన లైటు బిగించి వదిలేశాడు, ఫోకస్ చూడలేదు. రాత్రి హైవే ఎక్కాక ఎదురుగా వచ్చేవాళ్లంతా డిప్పర్ కొడుతుంటే తెలిసింది, కుడి లైటు పైకి కొడుతోందని. వెళ్లి అడిగితే విసుక్కోకుండా గోడ ముందు నిలబెట్టి వెనక స్క్రూ తిప్పి సరిచేశాడు. కానీ మొదటిరోజే చూడాల్సిన పని అది.

పెయింట్ సంగతి సరేసరి. నాది సిల్వర్. మెటాలిక్‌లో అల్యూమినియం రేణువులు పరుచుకునే తీరు గన్ ప్రెషర్‌ని బట్టి మారుతుంది, పైగా అది దుమ్ము పడకుండా మూసి ఉండే పెయింట్ బూత్ కాదు, రేకుల షెడ్డు. మధ్యాహ్నం ఎండలో తేడా పట్టలేరు. సాయంత్రం నీడలో చూస్తే ఫెండర్ కంటే బంపర్ ఒక ఛాయ ముదురుగా ఉంటుంది. మొన్నటి ఎండలకి నంబర్ ప్లేట్ కింద క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పొర) రూపాయి బిళ్లంత మేర పొంగింది. ప్లాస్టిక్‌కి వేసే ప్రైమర్ అక్కడ సరిగ్గా పడలేదేమోనని నా అనుమానం. నా భార్యయితే మొదట్నుంచీ "ముఖం ఒక రంగు, చెంప ఒక రంగు" అనే అంటోంది.

నా కారు కొత్తదై, జీరో డెప్ ఉండి, ఎన్‌సీబీ ఇంకా మొదటి మెట్టు మీదే ఉండుంటే షోరూమ్‌లోనే వదిలేసేవాణ్ణి. ముందు బంపర్లో ఎదుటి వాహనాల్ని పసిగట్టే రాడార్ ఉన్న కార్లయితే ఆటోనగర్ ఆలోచనే వద్దు, దాని క్యాలిబ్రేషన్‌కి వేరే పరికరాలు కావాలి. నాకు ఈ కారు అమ్మే ఉద్దేశం లేదు, రంగు తేడా పట్టింపు లేదు, హ్యాలోజన్ లైట్లు. ఇలాంటి పరిస్థితి ఉన్నవాళ్లకైతే హెడ్‌లైట్ పని వరకు కళ్లు మూసుకుని ఆయన దగ్గరికే వెళ్లమంటాను. పెయింట్ మాత్రం బూత్ ఉన్న చోట వేయించుకోండి, రెండు వేలు ఎక్కువైనా.